చెయ్యి పట్టుకోవద్దు, చెప్పు

ఇంగ్లీషు మీద నాకు ముందు పుట్టింది మోజు కాదు, కోపం. మాది కేజీఎఫ్ బంగారు గనుల పక్కన ఊరిగాంలో చిన్న కిరాణా అంగడి. సబ్బులు, బిస్కెట్లు వేసే కంపెనీల మనుషులు వస్తే, గల్లా దగ్గర కూర్చున్నది నేనైనా, నా తల మీదుగా లోపల మూటలు సర్దుతున్న మా ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు. ఆయనకూ ఆ భాష అంతంత మాత్రమే. అయినా తల ఊపేవాడు. నేను ముళబాగిలులో బట్టల అంగడి ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. బేరమాడటం ఎవరైనా నా దగ్గర నేర్చుకోవాలి. అలాంటి నన్ను గోడ మీది క్యాలెండర్ని చూసినట్టు చూసి పోతుంటే ఒళ్ళు మండిపోయేది. పిల్లలు పెద్ద చదువులకు కోలారు బస్సెక్కడం మొదలుపెట్టాక సాయంత్రాలు కాస్త తీరిక దొరికింది. చర్చి హాలులో ఆడవాళ్ళకు ఇంగ్లీషు చెబుతున్నారని, ఎవరైనా రావచ్చని తెలిసి ఒకరోజు పోయి కూర్చున్నాను.

చెప్పేది ఒక పెద్దావిడ. బడిలో టీచరుగా రిటైరయ్యారు. కేజీఎఫ్‌లో టీచర్లందరినీ మిస్ అనే పిలుస్తారు కాబట్టి మేమూ ఆమెను మిస్ అనే వాళ్ళం. గంజి పెట్టిన కాటన్ చీర, బిగించి వేసిన చిన్న ముడి, చేతిలో కర్ర. షుగర్ జబ్బు ఆమె రెండు కళ్ళనూ తినేసింది. వెలుతురు, నీడ తేడా మాత్రం తెలిసేది. ఆ సంగతి నాకు మొదటిరోజు సగం క్లాసు అయ్యేదాకా తెలియలేదు. నేను దొంగతనంగా ఆవలిస్తే, "వెనకాల ఎవరో నిద్రపోతా ఉండారు" అన్నారు మరి.

క్లాసులో ఏడెనిమిది మంది ఆడవాళ్ళం. కుట్టు మిషను పెట్టుకున్న ఆమె, ఆసుపత్రిలో పనిచేసే ఆమె, బేకరీ నడిపే అక్కచెల్లెళ్ళు, ఇలా. మాకందరికీ ఒకటే ఆశ, గుడ్ మార్నింగ్, హౌ ఆర్ యూ, ప్లీజ్, సారీ లాంటివి గబగబా నేర్చేసుకోవాలని. మిస్ వాటి జోలికే పోలేదు.

"మర్యాదలు తర్వాత నేర్చుకుందాము. ముందు కండ్ల ముందర జరిగేది చెప్పండి. వాడు వస్తా ఉండాడు. ఆమె తోముతా ఉండాది. పొద్దున లేచినప్పటినుంచి మన ఇండ్లల్లో మనము మాట్లాడేది ఇదే కదా? దీన్నే ఇంగ్లీషులో చెప్పండి. హి ఈజ్ కమింగ్. షి ఈజ్ వాషింగ్. ఇంగ భయమెందుకు?"

నిజంగానే భయం పోయింది. అంతకుముందు నేను కొన్న ఇంగ్లీషు పుస్తకాలన్నీ వ్యాకరణం పేరుతో గడులు గీసి నన్ను బెదరగొట్టినవే. ఈమె మా నోట్లో నలిగే మాటను పట్టుకుని దానికే ఇంగ్లీషు చొక్కా తొడిగారు. ఆ తెలివికి నేను అక్కడికక్కడే దాసోహమైపోయాను.

మిస్‌తో పాటు ఉండే తమ్ముడి కూతురు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు ఉద్యోగానికి పోయి చీకటి పడ్డాక వచ్చేది. అందుకని సాయంత్రం మిస్‌ను ఇంటినుంచి హాలుకు తీసుకురావడం మాలో ఒకరి పని. మా అంగడి ఆ దారిలోనే ఉంది కాబట్టి ఆ పని నాకు పడింది. మొదటిరోజు ఆమె గుమ్మం దిగగానే మోచెయ్యి పట్టుకున్నాను. మిస్ నా చేతిని మెల్లగా విడిపించారు.

"చెయ్యి పట్టుకోవద్దు, చెప్పు."

"ఏమి చెప్పాల మిస్?"

"దారిలో ఏమి జరుగుతా ఉండాదో అది. ఇంగ్లీషులో. తెలుగులో చెప్పినావంటే నేను యాడ ఉంటే ఆడనే నిలబడిపోతాను."

ఇదేం పరీక్షరా దేవుడా అనుకున్నాను. రెండడుగులు వెనకగా నడుస్తూ నాకు నోటికి వచ్చిన వాక్యం ఒకటి అప్పజెప్పాను. చిల్డ్రన్ ఆర్ ప్లేయింగ్. మిస్ ఆగిపోయారు.

"పిల్లోళ్ళు యాడ ఆడుకుంటా ఉండారు?"

"ఆ గ్రౌండులో మిస్."

"ఒక్కరి అరుపు కూడా వినపడలేదే. నోట్లో బెల్లం పెట్టుకొని ఆడుతా ఉండారా?"

గ్రౌండు ఖాళీగా ఉంది. నాకు వచ్చిన వాక్యంలో పిల్లలు ఉన్నారు కాబట్టి గ్రౌండులోకీ పిల్లల్ని పంపించేశాను. సిగ్గేసింది గానీ నవ్వు కూడా వచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. "నీకు వచ్చింది చెప్పొద్దు, ఉండేది చెప్పు" అన్నారు.

ఉన్నదేమిటో చూశాను. గని కంపెనీ కాలంనాటి ఇళ్ళ వరస ముందు ఒకాయన స్కూటర్ను పక్కకు వంచి కిక్కు కొడుతున్నాడు. వంచడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకేం తెలుసు? ధైర్యం చేసి, "స్కూటర్ ఈజ్ స్లీపింగ్. మ్యాన్ ఈజ్ కికింగ్" అన్నాను.

మిస్ అప్పుడు నవ్వారు. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వారు. "పాపం, పెట్రోలు అయిపోయింది వానికి" అని ముందుకు నడిచారు. నా వంకర ఇంగ్లీషులోంచి ఆ మనిషినీ, స్కూటర్నీ, ఖాళీ ట్యాంకునూ కూడా చూసేశారు. ఆరోజు నుంచి నేను వాక్యం తప్పుతుందని భయపడలేదు. లేనిది చెప్పకుండా ఉంటే చాలనుకున్నాను.

ఇంకో నియమం కూడా ఉంది. అది తెలిసింది తర్వాత కొన్నాళ్ళకు. మలుపు దగ్గర మిస్ ఎడమకు ఒరిగిపోయి మురుగునీళ్ళ మోరీ వైపు పోతుంటే కంగారులో, గో రైట్, గో రైట్ అన్నాను. ఆమె ఆగి ముఖం చిట్లించారు.

"నన్ను తోలొద్దమ్మా. ఎడమకు పోతా ఉండానని చెప్పు. తిప్పుకునేది నా పని. ఒక్క స్టాప్ మాత్రం నీ చేతిలో ఉండాది. ప్రాణం మీదికి వస్తేనే ఆ మాట అను."

అంత పట్టింపు ఎందుకో ఆ సాయంత్రం ఆమే చెప్పారు. మిస్ వాళ్ళ నాన్న గనిలో వైండింగ్ ఇంజను నడిపేవారట. మనుషుల్ని కేజ్ అనే ఇనుప బోనులో భూమి లోపలికి దించేదీ, పైకి లాగేదీ ఆ ఇంజనే. నడిపే మనిషి షెడ్డులో కూర్చుని ఉంటాడు. గని బావిలో దిగే కేజ్ ఆయన కంటికి కనపడదు. ఎదురుగా పెద్ద డయలు, దాని మీద ముల్లు. కేజ్ ఎంత లోతుకు పోతోందో ముల్లు చూపిస్తుంది. ఆపడం, నడపడం ఆయన చేతిలో ఉంటుంది.

"మా నాయన కండ్లు బాగుండే మనిషే. అయినా దినమంతా చేసిన పని కండ్లకు కనపడని పనే. ఆ ముల్లు ఎప్పుడూ ఆయన్ను నువ్వు ఇట్లా చెయ్యి అనలేదు. కేజ్ యాడ పోతా ఉండాదో చూపించింది, అంతే. ముల్లు అబద్ధం చెప్పకపోతే చాలు, మిగతాది నేను చూసుకుంటాను అనేవాడు. నువ్వు నాకు ఆ ముల్లువి."

నన్ను ఎవరూ ఎప్పుడూ దేనికీ అంత అవసరమైన మనిషిగా చూడలేదు. ఇంట్లో చూస్తారు, వేళకు కాఫీ రాకపోతే. ఆ మాట విన్న సాయంత్రం అంగడికి తిరిగొచ్చి పప్పు తూస్తూ, తక్కెడ ముల్లు నిలిచేదాకా చెయ్యి తీయకుండా నిలబడ్డాను. మా ఆయన వింతగా చూశాడు.

హాలు చేరాక రెండో ఆట మొదలయ్యేది. దారిలో చెప్పినదంతా అక్కడ అందరికీ మళ్ళీ చెప్పాలి, ఈసారి జరిగిపోయినట్టుగా. మేము వస్తున్నప్పుడు ఒక ఆమె మిద్దె మీద మిరపకాయలు తీస్తా ఉండింది. కుక్క ఒకటి టైరు నీడన పడుకొని ఉండింది. షి వాజ్, ఇట్ వాజ్ అంటూ నేను చెబుతుంటే కుట్టు మిషను ఆమె అడ్డు ప్రశ్నలు వేసేది. ఏ రంగు చీర, ఎవరి టైరు, అప్పుడు నువ్వేం చేస్తా ఉండావు అని. దారిలో చెప్పేది కాళ్ళ కోసం, హాలులో చెప్పేది దాచుకోవడం కోసం అనేవారు మిస్. పెళ్ళై వచ్చినప్పటినుంచి నేను నడుస్తున్న రోడ్డు అది. మిస్ కోసం చూడటం మొదలుపెట్టాకే దాని మీద ఇంతమంది ఇన్ని పనులు చేస్తారని తెలిసింది. కళ్ళు లేని మనిషి నాకు కళ్ళు తెరిపించారని ఎవరైనా అంటే సినిమా డైలాగులా ఉంటుంది. కానీ ఇంకెలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

అంతలో చిక్కు వచ్చిపడింది. హాలు చూసుకునే చర్చి సంఘ పెద్దలు ఒక సోమవారం క్లాసు అయ్యాక వచ్చారు. వాళ్ళలో ముఖ్యుడు మిస్ దగ్గర చదువుకున్నవాడే. తల నెరిసినా ఆమె ముందు చేతులు కట్టుకునే నిలబడ్డాడు. అంతకుముందు వారం మిస్ హాలు మెట్ల మీద జారి మోకాలు కొట్టుకున్నారు. నేను ఊళ్ళో లేని రోజు, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొస్తుండగా జరిగింది.

"మిస్, మీరు పడినారంటే మేము ఎవరికి ఏమని జవాబు చెప్పేది? ఇంటికాడే ఉండండి. క్లాసు ఇంగొకరు చూసుకుంటారు. లేదంటే ఆటో పెడతాము, ఇద్దరు మనుషులు పట్టుకొని దించుతారు."

"ఈ దినము పట్టుకొని దించుతారు. రేపు కుర్చీలో కూర్చోబెడతారు. ఎల్లుండి ఇంటికొచ్చి నా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పోతారు. నాకు తెలుసప్పా" అన్నారు మిస్. ఆయన తల దించుకున్నాడు. మిస్ గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు. "నేను నేర్పించిన మాటలు నన్ను ఈ రోడ్డు మీద నడిపించలేకపోతే, ఇంగ నేను నేర్పించేది ఎందుకు? బుధవారము హాలు గేటు కాడ నిలబడి చూడండి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వస్తాను. పట్టుకున్నానంటే ఆ దినమే తాళము వేసుకోండి."

ఆయన ఒప్పుకోక తప్పలేదు. ఆ క్లాసు లేకపోతే మిస్‌కు సాయంత్రం అనేదే లేదు. తమ్ముడి కూతురు వచ్చేదాకా తలుపు వేసుకుని కూర్చోవాలి. అది నిలబడేదీ, పోయేదీ ఇప్పుడు నా ఇంగ్లీషు మీద పెట్టేశారు. నా ఇంగ్లీషు సంగతి స్కూటర్ను నిద్రపుచ్చినప్పుడే ఊరందరికీ తెలిసిపోయింది. ఆ రెండురోజులూ అన్నం సహించలేదు. మా ఆయన, "ఇంగ్లీషులో ఆకలి పుట్టదా నీకు" అని ఎగతాళి చేశాడు.

బుధవారం మామూలు వేళకే బయలుదేరాం. మిస్ ఇస్త్రీ చీర కట్టుకున్నారు. వాళ్ళ వీధి, మలుపు, మా అంగడి, అన్నీ బాగానే దాటాం. మా ఆయన గల్లా వదిలి బయటికొచ్చి నిలబడ్డాడు. హస్బెండ్ ఈజ్ స్టాండింగ్ అన్నాను. "పని లేదా ఆయప్పకు" అన్నారు మిస్. చర్చి వీధిలోకి తిరిగాక దూరంగా గేటు, గేటు దగ్గర సంఘ పెద్దలు, వాళ్ళ వెనక మా క్లాసు ఆడవాళ్ళు కనిపించారు. వాళ్ళకూ మాకూ మధ్య రోడ్డు తెగిపోయి ఉంది.

నీళ్ళ పైపుల కోసం తవ్వుతున్నారు. పొద్దున లేదు, మధ్యాహ్నం మొదలుపెట్టినట్టున్నారు. రోడ్డుకు అడ్డంగా నడుము లోతు కాలవ, ఇరుపక్కలా ఎర్రమట్టి కుప్పలు. మనుషులు దాటడానికి మధ్యలో ఒక చెక్క వేశారు. ఒక మనిషి పాదాలు పక్కపక్కన పడితే నిండిపోయేంత చెక్క.

"స్టాప్" అన్నాను.

మిస్ ఎత్తిన పాదం అక్కడే దించి నిలబడ్డారు. నా జీవితంలో ఒక్క మాటకు ఎవరైనా అంత విలువిచ్చారంటే అదే. "వాట్ ఈజ్ హ్యాపెనింగ్?" అని అడిగారు. గొంతులో తొందర లేదు.

కాలవను ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. తెలిసినదే చెప్పాను. మెన్ ఆర్ డిగ్గింగ్. రోడ్ ఈజ్ గోయింగ్ డౌన్. వాటర్ పైప్ ఈజ్ కమింగ్. వన్ వుడ్ ఈజ్ లయింగ్. మిస్ వింటూ కర్ర ముందుకు చాపి చెక్క అంచును తాకి చూశారు. దాని వెడల్పు కొలిచారు. కొలిచేటప్పుడు ఆమె దవడ బిగుసుకోవడం చూశాను. వెనక్కి పోదాం మిస్, ఇంకోరోజు చూసుకుందాం అని తెలుగులో అనబోయి నాలుక కరుచుకున్నాను.

తవ్వేవాళ్ళలో ఒకతను పార పడేసి చెయ్యి చాపాడు. "రామ్మా, పట్టుకో. దాటిస్తాను."

"హి ఈజ్ గివింగ్ హ్యాండ్" అన్నాను.

"అప్పా, చానా థ్యాంక్స్. నీ పని చూసుకో" అన్నారు మిస్ అతని గొంతు వైపు తిరిగి. తర్వాత చెక్క మీద కాలు పెట్టారు.

చెక్క ఇద్దరిని మోయదు. నేను ఇవతలే ఉండిపోయాను. ఇక ఆమె వీపు చూస్తూ చెప్పాల్సిందే. యు ఆర్ గోయింగ్ స్ట్రెయిట్. యు ఆర్ గోయింగ్ స్ట్రెయిట్. వుడ్ ఈజ్ షేకింగ్. యు ఆర్ గోయింగ్ లెఫ్ట్. ఆమె ఆగి, కుడికి రవ్వంత సర్దుకున్నారు. యు ఆర్ గోయింగ్ స్ట్రెయిట్. అవతల గట్టున సంఘ పెద్ద రెండు చేతులూ చాపి ముందుకొచ్చాడు. మళ్ళీ ఏమనుకున్నాడో వాటిని వెనక్కి లాక్కున్నాడు. బేకరీ అక్కచెల్లెళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. మధ్యలో మిస్ కర్ర చెక్క అంచు దాటి గాలిలోకి పోయింది. స్టిక్ ఈజ్ గోయింగ్ అవుట్ సైడ్. కర్ర వెనక్కి వచ్చింది. యు ఆర్ గోయింగ్ స్ట్రెయిట్. వుడ్ ఈజ్ ఫినిషింగ్. గ్రౌండ్ ఈజ్ కమింగ్. గ్రౌండ్ ఈజ్ కమింగ్, మిస్.

ఆమె కర్ర అవతలి మట్టిని పొడిచింది. కాలు పెట్టారు. రెండో కాలు పెట్టారు. పైట సర్దుకుని, వెనక్కి తిరగకుండానే, "నువ్వు కూడా వచ్చేయమ్మా, క్లాసుకు ఆలస్యమవుతా ఉండాది" అన్నారు. నేను ఆ చెక్క ఎలా దాటానో నాకు గుర్తులేదు.

గేటు దగ్గర ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సంఘ పెద్ద తాళం తీసి తలుపులు బార్లా తెరిచి, ఫ్యాను వేసి, మిస్ కుర్చీ తుడిచాడు. "శుక్రవారము కూడా నేనే వచ్చి తెరుస్తాను మిస్" అన్నాడు. మిస్ తల ఊపి కూర్చున్నారు.

"మొదలుపెట్టండి. నేను చెక్క మీద ఉండేటప్పుడు ఎవరెవరు ఏమి చేస్తా ఉండారు? ఇంగ్లీషులో."

కుట్టు మిషను ఆమె శెనక్కాయలు తింటూ ఉండిందట, నమలడం మరిచిపోయిందట. ఆసుపత్రి ఆమె కట్టు కట్టడానికి సంచిలో గుడ్డ వెతుకుతూ ఉండిందట. బయటికి పోబోతున్న సంఘ పెద్దను కూడా మిస్ వదల్లేదు. ఆయన గుమ్మంలో నిటారుగా నిలబడి, "ఐ వాజ్ ప్రేయింగ్, మిస్" అన్నాడు.

"కండ్లు మూసుకొనా?"

"చివర్లో మూసుకున్నాను మిస్."

"చూడమని పిలిస్తే కండ్లు మూసుకున్నావా" అన్నారు మిస్. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

నా వంతు వచ్చింది. ఐ వాజ్ టెల్లింగ్ అన్నాను. అంతేనా అన్నారు మిస్. అంతే మిస్, ఇంకేమీ చేయలేదు, చెబుతూ ఉన్నాను అన్నాను. నిజంగా నాకు తెలిసింది అంతే.

మిస్ అందరి వైపూ తిరిగి, "షి వాజ్ క్రయింగ్" అన్నారు. "చెక్క మీద నేను మొదటి అడుగు పెట్టినప్పటినుంచి ఏడుస్తా ఉండింది. మీకు యాడ వినపడుతుంది, దూరంగా ఉండారు. నాకు వినపడతానే ఉండింది. అయినా ఒక్క మాట కూడా వంకర పోనియ్యలేదు."

ఎవరూ నవ్వలేదు. లేదు మిస్, నేను ఏడవలేదు అని చెప్పబోయి చెంప తడుముకున్నాను. చెయ్యంతా తడిసిపోయింది.